బలపం ఒకటి, వజ్రం పది

మీకు తెలుసా? బలపానికీ వజ్రానికీ మధ్య ఉన్నవి ఎనిమిది మెట్లే. ఆ నిచ్చెన వేసినవాడు ఫ్రెడరిక్ మోస్. వియన్నాలో ఒక బ్యాంకరు పోగుచేసుకున్న ఖనిజాలకు పట్టిక రాసి చేయి తిరిగినవాడు. 1812లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో పంతులయ్యాడు. ఏ రాయి ఏ రాయిని గీరుతుంది? ఈ ఒక్క ప్రశ్నతో పది ఖనిజాలను వరస పెట్టాడు. మెట్లన్నీ ఒకే ఎత్తు కావు సుమా! తొమ్మిదో మెట్టు కురువిందం కన్నా వజ్రం గట్టితనం దాదాపు నాలుగింతలు.

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన ఉన్న కోసాడ్‌లో ఈ పాఠం చెప్పడం తేలిక. ఆ నగరం బతుకే పదో మెట్టు మీద. ప్రపంచపు ముడి వజ్రాల్లో పదింట తొమ్మిది అక్కడే సానకెక్కుతాయని వ్యాపారుల మాట. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు బోలెడు; సూరత్ నగరపాలిక బడుల్లో తెలుగు మాధ్యమమూ ఉంది. ఆ పిల్లల చేతిలో గుజరాత్‌ అంబాడుంగర్ కొండల ఫ్లోరైట్ పెట్టి చూడండి, అది నాలుగో మెట్టు. నల్గొండ బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగింది కూడా అక్కడి గ్రానైట్‌లో ఉన్న ఇలాంటి ఖనిజాల నుంచే. తాతల ఊరి కథ రాయిలోనే దొరుకుతుంది.

ఏడో మెట్టు, అంటే అకీకు రాయి, ఇంకా దగ్గర. కోసాడ్‌లో రైలెక్కి అంక్లేశ్వర్‌లో దిగితే, అక్కడి నుంచి రాజ్‌పిప్లా కొండల అంచున రతన్‌పూర్ అకీకు గనులకు ఎక్కువ దూరం లేదు. తవ్వినప్పుడు మట్టిరంగులో ఉండే ఆ రాయిని నిదానంగా కాలిస్తే, లోపలి ఇనుము వల్ల ఎర్రబడుతుంది. ఖంభాత్ పూసలవాళ్ల పాత విద్య ఇది. పచ్చి ముక్క ఒకటి, కాల్చిన ముక్క ఒకటి పక్కపక్కన ఉంచితే రసాయన పాఠం సగం అయిపోయినట్టే.

ఇలాంటి రాళ్లతో బడికి ఒక పెట్టె కట్టాలంటే వజ్రం కొననక్కర్లేదు. గోరు రెండున్నర, రాగి తీగ మూడు, గాజు పలక ఐదున్నర. పరీక్షకు ఇవి చాలు. ఇప్పటి ఉక్కు నాణేలు రాగికి బదులు పనికిరావు. మెరుగు లేని టైలు వెనకవైపు హెమటైట్‌ను రుద్దితే, రాయి నల్లగా ఉన్నా గీత ఎర్రగా పడుతుంది. పిల్లలు నోరెళ్లబెట్టేది ఇక్కడే.

రాయి పెట్టెలోకి వెళ్లేముందే చీటీ రాయాలి: ఏ ఊరిది, ఎప్పుడు తెచ్చారు. చీటీలు ఊడిపోతాయి కాబట్టి మ్యూజియంవాళ్లు రాయి మీదే ఒక మూల తెల్ల రంగు చుక్క పెట్టి, దాని మీద నంబరు వేస్తారు. నలభై చేతులు తిరిగొచ్చాక ఏ రాయి ఏ గూటిదో చెప్పేది ఆ చుక్కే.