గూడ్సుబండి బరువు

మన తిరుమలగిరినుండి మిర్యాలగూడకు పోయినవారు అచ్చటి గూడ్సుబండ్లను చూచియుందురు. బియ్యమో, విష్ణుపురపు సిమెంటో నింపుకొని పోవు ఆ బండిలో సరకుతోపాటు ఎంతో ఉక్కుకూడ ప్రయాణము చేయుచున్నది. సరకునకు కిరాయి వచ్చును, ఉక్కునకు రాదు.

సిమెంటు బస్తాలు మోయు బి.సి.ఎన్.హెచ్.ఎల్. అను మూతవ్యాగను ఖాళీగా 20.8 టన్నులు తూగును. దానికి నాలుగు ఇరుసులు. ఒక్కొక్క ఇరుసుపై 22.9 టన్నులు హద్దుగా నుంచినచో మొత్తము 91.6 టన్నులగును; అందు సరకు పాలు 70.8 టన్నులు. కావున వ్యాగనులో తగ్గిన ప్రతి టన్నును సరకుగా మారును. ఒక్కొక్కటి రెండేసి టన్నులు తగ్గినదనుకొందము. అట్టి 58 వ్యాగనుల బండి 116 టన్నులు, అనగా 2,320 బస్తాలు, అధికముగా మోయగలదు. ఖాళీగా మరలి వచ్చునపుడును ఇంధనము మిగులును. దూదిబేళ్ల విషయమున మాత్రమీ లెక్క చెల్లదు. బరువు హద్దు చేరకమునుపే వ్యాగను నిండిపోవును.

బరువు తగ్గించుటకు సంయుక్త పదార్థము లొక యుపాయము. మన పెద్దలు గోడమట్టిలో వరిగడ్డి కలిపి త్రొక్కించెడివారు. గడ్డి మట్టిని పగులనీయదు, మట్టి గడ్డిని కదలనీయదు. అటులే గాజునారను రసాయనపు జిగురుతో కూర్చి పలకలు చేయుదురు. అవి ఉక్కుకంటె మిక్కిలి తేలిక, త్రుప్పు పట్టవు.

అయినచో ఏల వాడరు? 2022 అక్టోబరు 16న భువనేశ్వరమున ప్రారంభమైన అల్యూమినియపు గూడ్సుబండిని చూడుడు. 61 వ్యాగనుల ఆ బండి ఉక్కుబండికంటె 180 టన్నులు తేలిక. వెల నూటికి 35 వంతులు హెచ్చు. కాని పాతబడినపుడు అల్యూమినియమును కరగించి మంచి ధరకు అమ్ముకొనవచ్చును. పాత గాజునార పలకను కొనువా రరుదు. మరియు ఉక్కు చినిగినచో అతుకు వేయువాడు ఏ యార్డునందైనను దొరకును. ఈ పలకలకు వేరు నేర్పరి కావలెను. బిగుసుకొన్న తలుపును హమాలీలు గునపముతో పెకలించుట చూచినవారికి ఈ చిక్కు వేరుగ చెప్పనక్కరలేదు!

నాకు తోచినంతలో, లాగుడు నంతయు భరించు అడుగుచట్రము ఉక్కుదిగానే యుండి, కప్పును తలుపులను మాత్రము మొదట మార్చి చూచుట యుక్తము. మిగులు బరువు కొంచెమే యైనను నష్టభయమును కొంచెమే. అన్నిటికంటె ముందుగా ఈ పదార్థము బండి క్రిందనే ప్రవేశించినది: చాల గూడ్సువ్యాగనులలో పోతయినుప బ్రేకుదిమ్మల స్థానమున సంయుక్త పదార్థపు దిమ్మలు వచ్చినవి. అవి అరిగిపోవుటకే పుట్టినవి గనుక, తుదకు తుక్కు వెల యెంతయని అడుగువా రుండరు.