మీకు తెలుసా? పదకొండు మంది లేకున్నా ఫుట్‌బాల్ టీమే!

భిలాయి ఉక్కు కర్మాగారానికి దగ్గరలోని చరోదా, పెద్ద రైల్వే మార్షలింగ్ యార్డు ఉన్న ఊరు. భిలాయి ప్రాంతంలో తెలుగు కుటుంబాలూ చాలానే స్థిరపడ్డాయి. ఇలాంటి చోట ఓ చిన్న హైస్కూలుకు పదకొండు మంది ఆటగాళ్లు దొరక్కపోతే ఫుట్‌బాల్ మానుకోవాల్సిందేనా? అక్కర్లేదు.

1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియాని అనే వ్యాయామ ఉపాధ్యాయుడు జట్టుకు ఐదుగురితో ఆడే ఫుట్‌సాల్‌కు రూపమిచ్చాడు. దీనికి 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు చాలు. పూర్తి ఫుట్‌బాల్ మైదానం పొడవైతే 90 మీటర్లకు తగ్గకూడదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌ది మరీ ఆసక్తికరమైన కథ. ఆర్థిక మాంద్యం రోజుల్లో, నెబ్రాస్కాలోని చిన్న బడులు జట్లు కట్టలేకపోతుంటే స్టీఫెన్ ఎప్లర్ అనే ఉపాధ్యాయుడు ఆరుగురి ఆటను రూపొందించాడు. 1934 సెప్టెంబర్ 26న హెబ్రన్‌లో తొలి మ్యాచ్ జరిగింది. నాలుగు బడుల పిల్లలు రెండు జట్లుగా ఆడితే స్కోరు 19-19! మైదానం 80 గజాలకు కుదించినా, బంతిని అందుకునే హక్కు ఆరుగురికీ ఉంటుంది. అందుకే ఇది తగ్గించిన ఆట కాదు, అందరికీ పని కల్పించిన ఆట అని నా నమ్మకం. టెక్సాస్‌లోని చిన్న హైస్కూళ్లు నేటికీ దీన్ని ఆడుతున్నాయి.

మామూలు ఫుట్‌బాల్ నిబంధనలూ అంత కఠినం కావు. జట్టులో కనీసం ఏడుగురుంటే మ్యాచ్ మొదలుపెట్టవచ్చు.