మెట్ల కొండల మధ్య మెల్లమెల్లగా...

నదికి అటూ ఇటూ నిటారు కొండలు. వాటికి అడుగు నుంచి అంచు దాకా వందలాది మెట్లు. మెట్టు మెట్టుకూ ద్రాక్ష తీగలు. పోర్చుగల్‌లోని డోరో లోయలో పడవెక్కితే కనిపించే దృశ్యమిది. ప్రకృతి ఎంత తీరిగ్గా తీర్చిదిద్దిందో అనిపిస్తుంది. కానీ ఆ మెట్లలో ఒక్కటీ ప్రకృతి కట్టింది కాదు. ఆ నీళ్ల నెమ్మది కూడా నదికి పుట్టుకతో వచ్చింది కాదు!

పోర్టో... అట్లాంటిక్ మహాసముద్రంలో డోరో నది కలిసే చోట వెలసిన పాత నగరం. రేవులో పడవెక్కి కూర్చోగానే తలెత్తి చూడాల్సింది డోమ్ లూయీ వంతెననే. 1886లో ఇనుముతో కట్టిన రెండంతస్తుల వంతెన ఇది. ఇప్పుడు పై అంతస్తు మీద మెట్రో రైలు నడుస్తోంది. కుడివైపు, అంటే నది అవతలి ఒడ్డున, ఎర్ర పెంకుల కప్పులతో బారులు తీరిన పాత గోదాములు. ఆ ఊరి పేరు విల నోవ ద గయా. 'పోర్ట్' అనే తియ్యటి వైన్ ఏళ్ల తరబడి పీపాల్లో మాగేది అక్కడే.

పీపా అంటే మనకు కొత్త మాట కాదు. అసలు ఆ మాట మనకొచ్చింది పోర్చుగీసు నుంచే! సముద్ర వ్యాపారంతో పాటే మన తీరాలకు చేరి, తెలుగులో కలిసిపోయింది. డోరో లోయలో ఇప్పటికీ వైన్‌ను లెక్కించేది పీపాల్లోనే. ఒక పీపా అంటే 550 లీటర్లు. ఈ కథలో పీపా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎందుకంటే ఈ లోయ బతుకంతా ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది.

పడవే పైకి లేస్తుంది

స్పెయిన్ కొండల్లో పుట్టే ఈ నది మొత్తం పొడవు 897 కిలోమీటర్లు. స్పెయిన్‌లో దీన్ని డ్యుయెరో అంటారు. అందులో సముద్రం నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా ఉన్న సుమారు 210 కిలోమీటర్లలో పెద్ద పడవలు తిరుగుతాయి. ఒక్కరోజులో రేగ్వా పట్నం దాకా వెళ్లి రైల్లో తిరిగొచ్చేవాళ్లు కొందరు. వారం రోజులు పడవలోనే తిని, పడవలోనే పడుకుని, సరిహద్దు దాకా వెళ్లొచ్చేవాళ్లు మరికొందరు. రాత్రిళ్లు లాకులు మూసేస్తారు కాబట్టి చీకటి పడితే పడవ ఏదో ఒక ఊరి దగ్గర లంగరు వేయాల్సిందే. అదీ ఒకందుకు మంచిదే. చూడాల్సిందేదీ నిద్రలో దాటిపోదు.

దారిలో అయిదు ఆనకట్టలు. అన్నిటికీ లాకులున్నాయి. వాటిలో పెద్దది కరపటేలో. పడవ ఒక ఇరుకైన కాంక్రీటు గదిలోకి దూరుతుంది. వెనక తలుపు మూసుకుంటుంది. గదిలోకి నీళ్లు నిండుతుంటే పడవ మెల్లగా లేస్తుంది. అలా ఒకటీ రెండూ కాదు... ఏకంగా 35 మీటర్లు! అంటే పదకొండు పన్నెండు అంతస్తుల మేడ ఎత్తు. లాకు వెడల్పు 12 మీటర్లే కావడంతో పెద్ద పడవలు వెళ్తుంటే చెయ్యి చాపితే తడి గోడ తగులుతుందేమో అన్నట్టుంటుంది. ఎదుట తలుపు తెరుచుకోగానే ఎండలో మెరుస్తూ మరో సరస్సు. అప్పటిదాకా పచ్చగా ఉన్న కొండలు ఆ తర్వాత రూపు మార్చుకుంటాయి.

రాయి పగలగొడితేనే మన్ను

రేగ్వా నుంచి పిన్యావ్ దాకా... డోరో ప్రయాణంలో అందరూ కెమెరాలు తీసేది ఇక్కడే. కొండలన్నీ గీతలు గీసినట్టు మెట్లే మెట్లు. అట్లాంటిక్ నుంచి వచ్చే వాన మబ్బుల్ని పడమటి దిక్కున మరావ్ పర్వతాలు అడ్డుకుంటాయి. దాంతో లోయలో వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. 'తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం' అని అక్కడో సామెత కూడా ఉంది.

ఇక నేల సంగతి చెప్పక్కర్లేదు. అదసలు నేలే కాదు, షిస్ట్ అనే రాయి. పొరలు పొరలుగా విడిపోతుంది. దాన్ని పగలగొట్టి, పిండి చేసి, మన్ను తయారు చేసుకోవాలి. పెద్ద రాళ్లను ఏరి గోడలు పేర్చాలి. సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. రాయి మీద రాయి, అంతే. వాన పడితే నీళ్లు ఆ సందుల్లోంచి జారిపోతాయి కాబట్టి గోడ ఉబ్బిపోదు. తీగ వేళ్లు రాతి పగుళ్లలోంచి చాలా లోతుకు దిగి తడిని వెతుక్కుంటాయి. పగలు పీల్చుకున్న వేడిని రాళ్లు రాత్రికి వదులుతాయి. వేరే పంట పండని నేలలో ద్రాక్ష తియ్యగా పండటం వెనకున్న రహస్యం ఇదే.

ఈ గోడలు కట్టిన చేతులెవరివో చరిత్ర పుస్తకాల్లో పేర్లుండవు. స్థానిక కూలీలతో పాటు స్పెయిన్‌లోని గలీసియా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన పేదలు తరతరాలుగా కట్టుకుంటూ పోయారు. మన మేస్త్రి అన్న మాట కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందేనని గుర్తొస్తే ఆ గోడలు మరికాస్త దగ్గరగా కనిపిస్తాయి. 2001లో యునెస్కో ఈ లోయలోని 24,600 హెక్టార్లను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మనుషుల చెమట తీర్చిదిద్దిన ప్రకృతికి దక్కిన గౌరవమది.

కల్తీ ఆపడానికి రాతి హద్దులు

ఇంతకీ కొండల్ని ఇంతగా చెక్కాల్సిన అవసరం ఏమొచ్చింది? ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ పడకపోవడంతో! ఫ్రెంచి వైన్ దొరకని ఇంగ్లిషు వర్తకులు పోర్చుగల్ వైపు చూశారు. 1703 నాటి మెతుయెన్ ఒప్పందంతో పోర్చుగీసు వైన్‌పై ఇంగ్లండ్‌లో సుంకం తగ్గింది. సముద్ర ప్రయాణంలో చెడిపోకుండా వైన్‌లో ద్రాక్ష సారాయి కలిపేవారు. తర్వాత తర్వాత రసం పులుస్తుండగానే దాన్ని కలపడం మొదలైంది. దాంతో పులియడం మధ్యలోనే ఆగి, ద్రాక్షలోని తీపి అలాగే మిగిలిపోతుంది. అదే పోర్ట్ ప్రత్యేకత.

గిరాకీ పెరిగింది. కల్తీ కూడా పెరిగింది. రంగు కోసం ఎల్డర్‌బెర్రీ పళ్ల రసం కలిపేవారు. పేరు చెడింది, ధర పడిపోయింది. అప్పుడు దేశాన్ని నడిపిస్తున్న మంత్రి పొంబాల్ 1756లో రంగంలోకి దిగాడు. అసలైన పోర్ట్ ఏ తోటల నుంచి రావాలో హద్దులు నిర్ణయించి, గ్రానైటు రాళ్లు పాతించాడు. ఎల్డర్‌బెర్రీ చెట్లు పీకించాడు. చట్టం హద్దులు గీసి కాపాడిన తొలితరం వైన్ ప్రాంతాల్లో ఇదొకటి. ఆనాటి హద్దురాళ్లు కొన్ని ఇప్పటికీ తోటల్లో నిలబడే ఉన్నాయి.

పిన్యావ్‌లో పడవ ఆగితే చాలామంది రైల్వేస్టేషన్‌కు నడుస్తారు. రైలెక్కడానికి కాదు, గోడలు చూడటానికి! 1937లో అతికించిన నీలం రంగు పింగాణీ పలకల మీద ద్రాక్ష కోతలూ, గంపలు మోసే మనుషులూ, పీపాలు మోసే పడవలూ బొమ్మలై కనిపిస్తాయి. సెప్టెంబరులో వెళ్తే ఆ బొమ్మలు తోటల్లో ప్రాణంతో కదులుతుంటాయి. ఏటవాలు మెట్ల మీదికి యంత్రాలు ఎక్కలేవు కాబట్టి ఇప్పటికీ చాలాచోట్ల చేత్తోనే కోస్తారు. కొన్ని తోటల్లో రాతి తొట్లలో మోకాలి లోతు ద్రాక్షలో దిగి, భుజాల మీద చేతులు వేసుకుని, వరసగా అడుగులేస్తూ తొక్కుతారు. పాదం మెత్తగా నలుపుతుంది, గింజను మాత్రం చిదపదు. గింజ చితికితే రసం చేదెక్కుతుంది మరి! మనుషులు దొరక్క కొందరు కాలి తొక్కుడును అనుకరించే యంత్రాలు కూడా పెట్టుకున్నారు.

నిద్రపోతున్న మృత్యుగండం

పిన్యావ్ దాటి ఎగువకు పోతే కొండలు దగ్గరికొస్తాయి. గ్రానైటు గోడల మధ్య నది ఇరుకైపోతుంది. ఇదే వలేరా. ఇప్పుడు పడవ అద్దం మీద జారినట్టు సాగిపోతుంది. కానీ ఒకప్పుడు ఈ పేరు చెబితే సరంగులు దణ్ణం పెట్టుకునేవారు. నదికి అడ్డంగా పడి ఉన్న బండల వల్ల ఎగువకు పడవలు పోయే దారే ఉండేది కాదు. 1780లో మొదలుపెట్టి పన్నెండేళ్ల పాటు వాటిని పేల్చారు. దారి తెరుచుకుంది గానీ సుడి మాత్రం పోలేదు.

ఆ రోజుల్లో వైన్‌ను మోసినవి రబేలో పడవలు. అడుగు చదునుగా, వెనక పొడవాటి తెడ్డు లాంటి చుక్కానితో, ఒక చదరపు తెరచాపతో ఉండేవి. నిండు పీపాలతో దిగువకు రావడం ప్రాణాలతో చెలగాటం. ఖాళీ పడవను ఎగువకు చేర్చాలంటే గాలి ఉంటే తెరచాప, లేదంటే ఒడ్డు నుంచి తాళ్లు కట్టి ఎద్దులతో లాగించడం.

జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అనే ఇంగ్లిషు వర్తకుడు ఈ నదిని అణువణువూ కొలిచి పటం గీశాడు. మెచ్చుకున్న పోర్చుగల్ రాజు ఆయన్ను బేరన్‌ను చేశాడు. నది గురించి అంత తెలిసిన ఆయన్నే 1861 మే 12న వలేరా సుడి మింగేసింది. శవం కూడా దొరకలేదు. అదే పడవలో ఉన్న డోనా అంటోనియా ఫెరైరా మాత్రం బతికి బయటపడింది. ఆమె వేసుకున్న వెడల్పాటి గౌను నీటి మీద తేలి కాపాడిందనీ, ఆయన్ను నడుముకు కట్టుకున్న డబ్బు సంచి ముంచేసిందనీ లోయలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

ఆ అంటోనియా సామాన్యురాలు కాదు. 33 ఏళ్లకే భర్త పోతే తోటల బాధ్యత నెత్తికెత్తుకుంది. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లు కొరికి లోయను ఎండబెట్టినప్పుడు కూడా వెనకడుగు వేయలేదు. కొత్త తోటలు వేయించింది, గోడలు కట్టించింది, పనులు లేని కూలీలకు పని చూపించింది. అమెరికా తీగల వేరుకు స్థానిక తీగను అంటు కట్టాకే లోయ మళ్లీ పచ్చబడింది. 1887 నాటికి రైలు మార్గం స్పెయిన్ సరిహద్దుకు చేరడంతో రబేలోల పని తగ్గుతూ వచ్చింది. 1970, 80ల్లో వరసగా లేచిన ఆనకట్టలు నదిని మెట్ల చెరువులుగా మార్చేశాయి. వలేరా సుడి 1976లో నీటి అడుగున నిద్రపోయింది. నేటి విహారం ఆ ఆనకట్టల పుణ్యమే.

అలాగని ప్రతి ఆనకట్టా మేలు చేస్తుందా? ఇంకాస్త ఎగువన డోరోలో కలిసే కోవా ఉపనది మరో కథ చెబుతుంది. అక్కడ ఆనకట్ట కడుతుండగా వేల ఏళ్ల నాటి ఆదిమానవులు రాళ్ల మీద చెక్కిన గుర్రాలు, అడవి ఎద్దులు, మేకల బొమ్మలు బయటపడ్డాయి. బొమ్మలకు ఈత రాదంటూ విద్యార్థులు ఉద్యమించారు. 1995లో అధికారంలోకి వచ్చిన ఆంటోనియో గుటెరస్ ప్రభుత్వం ఆ నిర్మాణాన్ని ఆపేసింది. ఆ తర్వాత కాలంలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి అయ్యింది ఆయనే. 1998లో కోవా బొమ్మలకూ యునెస్కో గుర్తింపు వచ్చింది.

గోడ కూలితే...

తిరుగు ప్రయాణంలో కాస్త పరికించి చూస్తే పచ్చటి మెట్ల మధ్య బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. ఫిలాక్సెరా కాలంలో వదిలేసిన తోటలవి. వాటిని మొర్టోరియోలు అంటారు. అంటే చచ్చిన నేలలన్నట్టు. గోడలు ఒరిగిపోయి, పొదలు అల్లుకుపోయి ఉంటాయి. చెయ్యి పడకపోతే ఈ కొండల గతేమిటో చెప్పే సాక్ష్యాలవి.

ఇప్పుడు లోయను వేధిస్తున్న భయమూ అదే. రాతిగోడ కూలితే మళ్లీ పేర్చడానికి పనివాళ్లు కావాలి, డబ్బు కావాలి. యువత నగరాలకు వెళ్లిపోతోంది. 1970ల తర్వాత చాలాచోట్ల గోడలు లేకుండా బుల్‌డోజర్లతో మట్టి గట్లు వేశారు. ఖర్చు తగ్గింది, అందం కూడా తగ్గింది. పైగా ఏ ఏడాది ఎన్ని పీపాల పోర్ట్ తయారు చేయాలో కోతలకు ముందే అధికారికంగా నిర్ణయిస్తారు. నేల, ఎత్తు, తీగల వయసు లాంటివి చూసి ప్రతి తోటకూ శ్రేణి ఇస్తారు. దాన్ని బట్టే రైతు వాటా. ఆ వాటాలోని ద్రాక్షకే మంచి ధర. మిగిలింది తక్కువకు అమ్ముకోవాల్సిందే. ప్రపంచంలో పోర్ట్ తాగేవాళ్లు తగ్గుతుండటంతో ఆ లెక్కా తగ్గుతోంది. 2023లో 1,04,000 పీపాలకు అనుమతి ఉంటే 2024లో 90 వేలకు, 2025లో 75 వేలకు పడిపోయింది. ఇక్కడ ఎక్కువ మంది చిన్న రైతులే. పీపాల లెక్క తగ్గితే గోడకు పెట్టే డబ్బు కూడా తగ్గుతుంది. పడవలో కూర్చున్నవాళ్లకు కొండ అందం ఉచితంగానే కనిపిస్తుంది. దాన్ని నిలబెట్టే ఖర్చు మాత్రం పైన మెట్ల మీదున్న రైతుదే.

పడవ మళ్లీ పోర్టో చేరుతుంది. సాయంత్రపు వెలుగులో గయా ఒడ్డున రబేలో పడవలు బొమ్మల్లా ఊగుతుంటాయి. వాటి మీద ఉన్నవి అలంకారానికి పెట్టిన పీపాలు. ఏటా జూన్ 24న సెయింట్ జాన్ పండుగకు మాత్రం తెరచాపలెత్తి పందేనికి దిగుతాయి. అసలు వైన్ ఇప్పుడు ట్యాంకరు లారీల్లో వస్తోంది. పడవలకు విశ్రాంతి దొరికింది. నదికీ దొరికింది. రాళ్లు పేర్చే చేతులకు మాత్రం ఇంకా పని ఉంది... ఆ పని ఆగనంత కాలమే ఆ కొండలకు మెట్లు!