వస్తోంది.. వస్తోంది అన్నారు, రాలేదు!
రెండున్నరేళ్లు ఊరించిన ‘పవర్‌బుక్ జీ5’ కథ

కొత్త ల్యాప్‌టాప్ కొందామని షాపు మెట్లెక్కితే చాలు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. ‘ఇంకో రెణ్నెల్లు ఆగండి, కొత్త చిప్ వస్తోంది’ అంటారు. బళ్లారైనా, హోసూరైనా, బరంపురమైనా ఇదే మాట. చెప్పేవాడి దగ్గర ఆధారం ఉండదు. వినేవాడు మాత్రం డబ్బు జేబులోనే పెట్టుకుని ఇంటికొచ్చేస్తాడు. ఇలా ఆగినవాళ్లలో యాపిల్ అభిమానులంత ఓపిక పట్టినవాళ్లు లేరేమో!

2003 జూన్ 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన డెవలపర్ల సదస్సులో స్టీవ్ జాబ్స్ పవర్‌మ్యాక్ జీ5ను చూపించారు. లోపల ఐబీఎం తయారుచేసిన పవర్‌పీసీ 970 ప్రాసెసర్. గరిష్ఠ వేగం 2 గిగాహెర్ట్జ్. ఏడాది తిరిగేలోగా 3 గిగాహెర్ట్జ్ చేస్తామని ఆయన వేదిక మీదే మాటిచ్చేశారు. ఇక ఊహాగానాలకు హద్దేముంది? బల్ల మీది కంప్యూటర్‌కి వచ్చిన జీ5 ఒళ్లో పెట్టుకునే పవర్‌బుక్‌కి రాకుండా పోతుందా అని లెక్కలేశారు. యాపిల్ కొత్త సరుకును ఎక్కువగా మంగళవారాల్లో విడుదల చేసేది. దాంతో ‘పవర్‌బుక్ జీ5 వచ్చే మంగళవారం’ అన్నది కొన్నాళ్లకు జోకైపోయింది.

వేడే విలన్

అసలు సంగతి ఆ డబ్బాలోనే ఉంది. పవర్‌మ్యాక్ జీ5ను చల్లగా ఉంచడానికి ఏకంగా తొమ్మిది ఫ్యాన్లు పెట్టారు. 2004 జూన్‌లో వేగం 2.5 గిగాహెర్ట్జ్‌కి పెరిగేసరికి ఫ్యాన్లూ సరిపోలేదు. మోటారు వాహనాల్లో రేడియేటర్‌లా ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు చేయాల్సొచ్చింది. అలాంటి చిప్‌ను అంగుళం మందం ల్యాప్‌టాప్‌లో ఇరికించడం ఎలా? బ్యాటరీ ఎంతసేపని నిలుస్తుంది? 2005 జనవరిలో, అప్పటికింకా సీఈవో కాని టిమ్ కుక్, వేడి సమస్యలన్నిటికీ ఇది తల్లిలాంటిదన్న అర్థంలో ఒప్పేసుకున్నారు. ఆ నెలలో వచ్చిన పవర్‌బుక్ పాత జీ4తోనే 1.67 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. జాబ్స్ చెప్పిన 3 గిగాహెర్ట్జ్ జీ5 చివరిదాకా రానేలేదు.

అందరూ జీ5 కోసం ఒక దారి కాస్తుంటే యాపిల్ ఇంకో దారి చూసుకుంది. ఇంటెల్‌తో మాటలు నడుస్తున్నాయని 2005 మేలో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాస్తే నమ్మినవాళ్లు తక్కువ. జూన్ 6న జాబ్స్ స్వయంగా ప్రకటించారు. ఒక్కో వాట్ కరెంటుకి ఎంత పని అన్నదే లెక్క, అందులో ఇంటెల్‌కు 70 మార్కులైతే పవర్‌పీసీకి 15 అని తేల్చారు. మ్యాక్ ఓఎస్ టెన్‌ను ఐదేళ్లుగా గుట్టుగా ఇంటెల్ చిప్‌ల మీద కూడా నడుపుతున్నామన్నది అసలు బాంబు. ఇందులో ఓ చమత్కారం ఉంది. తక్కువ కరెంటుతో నడిచే జీ5 రకాన్ని ఐబీఎం ప్రకటించింది సరిగ్గా ఆ మరుసటి నెలలోనే. పెళ్లయ్యాక వచ్చిన సంబంధంలా!

2006 జనవరి 10న ఇంటెల్ కోర్ డ్యుయోతో మ్యాక్‌బుక్ ప్రోను ప్రకటించారు. పవర్‌బుక్ అన్న పేరే పోయింది.

ఆగినవాళ్లు, కొన్నవాళ్లు

ఆగినవాళ్లకు అనుకున్నది రాకపోయినా అంతకంటే మంచిదే దక్కింది. నష్టపోయింది చివర్లో కొన్నవాళ్లు. 2005 అక్టోబర్‌లో వచ్చిన నాలుగు కోర్ల జీ5 అప్పట్లో యాపిల్ దగ్గర అన్నిటికంటే ఖరీదైన యంత్రాల్లో ఒకటి. 2009 ఆగస్టులో వచ్చిన స్నో లెపర్డ్ దాని మీద ఎక్కలేదు. నాలుగేళ్లయినా నిండలేదన్నమాట. డీటీపీ పనివాళ్ల ఇబ్బంది ఇంకో రకం. మ్యాక్ ఓఎస్ 9 కాలంనాటి సాఫ్ట్‌వేర్‌ను నడిపే ‘క్లాసిక్’ సదుపాయం ఇంటెల్ మ్యాక్‌లలో లేదు. పాత ప్రోగ్రాం కావాలంటే పాత మిషన్‌ను కాపాడుకోవాల్సిందే.

అదే కథ మళ్లీ నడిచింది. యాపిల్ సొంత చిప్‌లకు మారుతుందని 2018 ఏప్రిల్‌లోనే బ్లూమ్‌బెర్గ్ రాసింది. 2020 నవంబర్‌లో ఎం1 వచ్చింది. ఈ వదంతి నిజమైంది కదా అని అన్నీ నమ్మితే కష్టం. ఎం4 అల్ట్రా కోసం ఎదురుచూసినవాళ్లకు 2025 మార్చిలో మ్యాక్ స్టూడియోతో దక్కింది ఎం3 అల్ట్రా. అదే ఏడు అక్టోబర్‌లో ఎం5 వచ్చీ రాగానే ఎం6 మీద చర్చ మొదలైంది.

కోలారు జిల్లా నరసాపురలో ఐఫోన్లు బిగిస్తున్నారు కాబట్టి అక్కడివాళ్లకు ముందే తెలుస్తుందనుకోవడం పొరపాటు. యాపిల్ గీసిన ప్రాసెసర్లను తయారుచేసేది తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ. ఇక్కడికి చేరేది తయారైన చిప్ మాత్రమే.

ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ మ్యాక్ చవగ్గా దొరుకుతోందని తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 2025 సెప్టెంబర్‌లో విడుదలైన టాహోనే ఇంటెల్ యంత్రాలకు చివరి ఓఎస్ అని యాపిల్ ముందే చెప్పేసింది. అది కూడా అన్ని ఇంటెల్ మోడళ్లకూ కాదు, కొన్నింటికే. డబ్బు చేతికిచ్చేముందు మోడల్ ఏ సంవత్సరానిదో అడగడం మరిచిపోవద్దు.