ఎవరి పాపము?

వీపు మీద పాలిపోయిన మచ్చ. గిల్లినా తెలియదు. “ఏ పాపం చేసుకున్నదో” అంటారు ఇరుగుపొరుగు. కుష్ఠుకు మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న జవాబు అదే. ప్రసంగాల్లో మేమూ కుష్ఠును పాపానికి పోలికగా చెప్పినవారమే. వినేవారిలో ఎవరైనా మచ్చను పైటచెంగు కింద దాచుకొని కూర్చున్నారేమోనని ఒక్కనాడూ తలంచలేదు.

పుట్టు గ్రుడ్డివాని చూపి శిష్యులు అడిగినదీ ఇదే ప్రశ్న. వాని పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదన్నాడు ప్రభువు (యోహాను 9వ అధ్యాయము). మరి కారణమేమిటి? 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ రోగుల బొడిపెలలో సన్నని కడ్డీలవంటి సూక్ష్మజీవులను చూశాడు. ఆనాటి పెద్ద డాక్టర్లలో అనేకులు ఇది వంశపారంపర్యమని నమ్మేవారు. పొరపాటు పడినది మతము వారొక్కరే కాదన్నమాట!

కారణం తెలిసినా మంచి మందు వెంటనే దొరకలేదు. 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించిన మిషనరీ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చేది. దేవుని నమ్మిన ఆ చేతులే సూదినీ పట్టాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని సిఫారసు చేసింది.

ఇప్పుడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్రలు ఉచితం. రోగాన్నిబట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడాలి. దాచిపెట్టి ఆలస్యం చేస్తే నరాలు చెడి వేళ్లు వంకరపోతాయి. వేళకు మొదలుపెడితే కొద్ది రోజులకే ఆ రోగి నుండి ఇంకొకరికి అంటడం ఆగిపోతుంది. ఇంట్లోనే ఉండవచ్చు, పిల్లలను ఎత్తుకోవచ్చు, మందిరంలో అందరి పక్కనా కూర్చోవచ్చు.