పది నిమిషాలలో తగ్గిపోయిందని ఊరుకోవద్దు

పొలము నుండి వచ్చి భోజనానికి కూర్చున్న ఇంటి పెద్ద చేతిలో నుండి అన్నము ముద్ద జారిపోతుంది. కుడి చేయి పట్టు తప్పుతుంది. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వస్తుంది. ఇంటివారు కంగారుపడి మజ్జిగ త్రాగిస్తారు, చేయి మర్దన చేస్తారు. పది నిమిషాలలో అంతా సర్దుకుంటుంది. “ఎండదెబ్బ” అని ఒకరు, “వాతము” అని మరొకరు అంటారు. తెల్లవారి ఆయన మళ్లీ పొలానికి వెళ్లిపోతాడు.

ప్రియ పాఠకులారా, మన గ్రామాలలో ఇటువంటి సంగతి కొత్త కాదు. అయితే అది తగ్గిపోయిన జబ్బు కాదనీ, రాబోయే పక్షవాతము ముందుగా తలుపు తట్టడమనీ మనలో అనేకులకు తెలియదు. ఆ సంగతినీ, మెదడు రక్తనాళములను ఎం.ఆర్.ఐ. యంత్రముతో చూచి అపాయమును ముందే పసిగట్టే పద్ధతినీ మీకు తెలియజేయాలని మేము ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

మన మెదడు బరువు దేహపు బరువులో సుమారు 2 శాతము మాత్రమే. కాని గుండె పంపే రక్తములో దాదాపు ఐదవ వంతు దానికే కావాలి. ఆ రక్తమును నాలుగు ధమనులు మెడ గుండా పైకి తీసుకొని వెళ్తాయి. రెండు మెడ ముందు భాగములోను, రెండు వెనుక ఎముకల వెంబడి ఉంటాయి. ఇవి మెదడు అడుగున ఒక వలయముగా కలుస్తాయి. ఈ వలయమును 1664లో తన గ్రంథములో చక్కగా వర్ణించిన ఇంగ్లాండు వైద్యుడు థామస్ విల్లిస్ పేరే దానికి పెట్టారు.

కాలువలో పూడిక పడితే చివరి మడికి నీరు అందదు కదా! ధమని గోడలలో కొవ్వు పేరుకున్నప్పుడు జరిగేది అదే. అక్కడ చిన్న రక్తపు గడ్డ ఏర్పడి, కాసేపు అడ్డుపడి కరిగిపోతే, చేయి మొద్దుబారి మళ్లీ బాగవుతుంది. కరగకపోతే మెదడులో ఆ భాగము చచ్చిపోతుంది. అదే పక్షవాతము. వచ్చి పోయిన దాడి తరువాత మొదటి రెండు రోజులలోనే అపాయము ఎక్కువ. అందుకే “రేపు చూద్దాము” అనే మాట ఇక్కడ పనికిరాదు.

మరి ఏ ధమని ఎంత పూడినదో పుర్రె తెరవకుండా ఎలా తెలుస్తుంది? అయస్కాంతముతోను రేడియో తరంగాలతోను దేహము లోపలి చిత్రాలు తీయవచ్చునని 1973లో అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ లాటర్‌బర్ చూపించాడు. ఇంగ్లాండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతిని వృద్ధిచేశాడు. వారిద్దరికీ 2003లో నోబెల్ బహుమతి లభించింది. దీనిలో ఎక్స్‌రే కిరణాలు లేవు. కదలని కండరాల మీద తరంగాలు మాటిమాటికీ పడుతుంటే అవి చిత్రములో మసకబారుతాయి. కొత్తగా ప్రవహించి వచ్చే రక్తము మాత్రము తెల్లగా మెరుస్తుంది. ఆ విధముగా, సూది మందు లేకుండానే, ధమనులు చెట్టు కొమ్మలవలె కనబడతాయి. ఇరుకైన చోట గీత సన్నబడుతుంది, లేదా తెగినట్లుంటుంది. మరికొన్ని కొత్త విధానాలలో ధమని గోడనే చూచి, పూడిక లోపల రక్తము చిమ్మినదేమో కూడా గమనిస్తున్నారు. మెడ ధమనిలో అటువంటి గుర్తు ఉన్నవారికి అపాయము ఎక్కువని తేలింది.

ఈ ఇరుకు ఎంత ముఖ్యమో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన తెలుపుతుంది. మెదడు లోపలి ధమని ఇరుకై, అప్పటికే పక్షవాతమో, వచ్చి పోయిన దాడో కలిగిన 569 మందిని వైద్యులు గమనించారు. దాని ఫలితాలు 2005లోను ఆ తరువాతను వెలువడ్డాయి. ధమని 70 శాతము లేక అంతకు మించి పూడినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఒక్క ఏడాదిలోనే, ఆ ధమని రక్తము అందించే భాగములో మళ్లీ పక్షవాతము వచ్చింది. వారు కొలిచినది రక్తనాళములోనికి సన్నని గొట్టము పంపి తీసిన ఎక్స్‌రే చిత్రాలతో. నేడు మొదటి పరీక్షగా ఎం.ఆర్. చిత్రము ఆ పనికి వస్తున్నది. భారతీయులతో సహా ఆసియా వారిలో ఈ లోపలి ధమనుల ఇరుకు ఎక్కువ గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

ఇరుకు కనబడితే స్టెంటు వేయించాలా? 2011లో ప్రచురించబడిన మరొక పరిశోధనలో, 70 శాతము దాటి పూడిన 451 మందిలో కొందరికి మందులతోపాటు స్టెంటు వేశారు, మిగిలినవారికి గట్టిగా మందులే వాడారు. ముప్పది రోజులలో పక్షవాతమో మరణమో కలిగినవారు స్టెంటు వేసినవారిలో 14.7 శాతము, మందులు మాత్రమే వాడినవారిలో 5.8 శాతము. కాబట్టి రక్తము గడ్డకట్టకుండా చేసే మాత్ర, బి.పి. మాత్ర, కొలెస్టరాల్ తగ్గించే మాత్ర ఎంత విలువైనవో గ్రహించండి. నెల వాడి, బాగున్నదని మానివేయడము ప్రాణానికే ముప్పు.

అయితే ఆరోగ్యముగా ఉన్న ప్రతివారూ అప్పు చేసి స్కానింగుకు పరుగెత్తనవసరము లేదు. చిత్రము ఒక్కోసారి ఇరుకును ఉన్నదానికంటె ఎక్కువగా చూపిస్తుంది. ఏ లక్షణములూ లేని పెద్దలకు మెడ ధమనుల పరీక్షలు మూకుమ్మడిగా చేయవద్దని అమెరికా నిపుణుల సంఘము 2021లో కూడా సలహా ఇచ్చింది. మన దేశముతో సహా 32 దేశాలలో జరిగి 2016లో వెలువడిన పరిశోధన ప్రకారము, పక్షవాతపు అపాయములో దాదాపు 90 శాతము పది కారణాల వల్లనే వస్తుంది. వాటిలో మొదటిది అధిక రక్తపోటు. పొగత్రాగుట, షుగరు, మద్యము కూడా ఆ జాబితాలో ఉన్నవే. చేతికి పట్టీ కట్టి బి.పి. చూడడానికి అయిదు నిమిషాలు చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనే చూపించుకోవచ్చు.

కాని మూతి వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా, మాట తడబడినా అది వేరు సంగతి. నోటిలో ఏమీ పోయవద్దు. గొంతుకు అడ్డుపడవచ్చు. మెదడులో ఉన్నది గడ్డయో, రక్తస్రావమో స్కానింగు చేసేవరకు తెలియదు గనుక సొంతముగా మాత్రలు వేయవద్దు. మొదలైన సమయము గుర్తుపెట్టుకొని 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే మందు సాధారణముగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఎం.ఆర్.ఐ. గదిలోనికి వెళ్లే ముందు గుండెకు పేస్‌మేకరు గాని, ఒంటిలో లోహపు క్లిప్పులు గాని ఉంటే తప్పక చెప్పండి.

దారిలో చేయి మళ్లీ బాగైనా వెనుకకు తిరగవద్దు. తగ్గిపోయిన ఆ పది నిమిషాలే మన ఇంటికి దొరికిన గడువు. దానిని పోగొట్టుకోవద్దు.