విమానయోధుడు, కర్షకుడు, ప్రధానమంత్రి: జాన్ గోర్టన్ జీవితము

యుద్ధమునందు ప్రాణములకు తెగించి పోరాడి, బ్రతికి బయటపడినవాడు ఆ మిగిలిన జీవితమును దేనికి వినియోగింపవలెను? ఈ ప్రశ్నకు 1968 నుండి 1971 వరకు ఆస్ట్రేలియా ప్రధానమంత్రిగా నుండిన జాన్ గోర్టన్ జీవితము ఒక సమాధానము. పరసీమలలో స్థిరపడి, అచ్చటి స్థానిక సంఘములలో పాల్గొనుచున్న మన తెలుగువారికి ఇది పరిశీలింపదగిన చరిత్ర.

గోర్టన్ 1911వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన జన్మించెను. బాల్యముననే తల్లి గతించెను. ఆయన ఇంగ్లండునకేగి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, ఆ దేశముననే విమానము నడుపుట నేర్చెను. 1935లో అమెరికా వనితయగు బెట్టినా బ్రౌనును వివాహమాడెను. మరుసటి యేట తండ్రి మరణింపగా, విక్టోరియా రాష్ట్రపు ఉత్తరభాగమున కెరాంగ్ పట్టణమునకు సమీపమునగల మిస్టిక్ పార్కు నారింజతోట భారము ఆయనపై బడెను.

1940లో గోర్టన్ ఆస్ట్రేలియా వైమానికదళమున చేరెను. 1942 జనవరిలో సింగపూరు రక్షణార్థము నడుపుచుండిన హరికేన్ విమానము బింటాన్ ద్వీపమున కూలెను. ముఖపుటెముకలు విరిగెను. క్షతగాత్రుడై ఓడనెక్కి తరలిపోవుచుండగా, ఫిబ్రవరి 13వ తేదీ రాత్రి జపాను జలాంతర్గామి ఆ ఓడను కూల్చెను. తెప్పపై సముద్రమున గంటలకొలది తేలియాడిన పిదప ‘బల్లరాట్’ అను ఆస్ట్రేలియా నౌక ఆయనను, సహచరులను రక్షించెను. ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమయ్యెను. గోర్టన్ కోలుకొని మరల విమానమెక్కెను. 1944 డిసెంబరులో సైనికవృత్తి విడిచెను. శస్త్రచికిత్సలు జరిగినను మునుపటి ముఖము తిరిగి రాలేదు.

ఆయన తిరిగివచ్చినది రాజధానికి కాదు, నారింజతోటకు. 1946 ఏప్రిలులో మిస్టిక్ పార్కు గ్రామశాలలో, యుద్ధమునుండి మరలివచ్చిన వారికి జరిగిన స్వాగతసభయందు ఆయన ఉపన్యసించెను. మరణించినవారి ఋణము బ్రతికినవారిపై నున్నదనియు, దారిద్ర్యము, ద్వేషము, నిరంకుశత్వము లేని లోకమును నిర్మించుటయే ఆ ఋణమును తీర్చు మార్గమనియు ఆ ప్రసంగసారము. ఆ యేడే ఆయన కెరాంగ్ స్థానిక పాలకసంఘమునకు ఎన్నికయ్యెను. తరువాత దానికి అధ్యక్షుడయ్యెను. తోట పనులతోపాటు ఇరుగుపొరుగు రైతుల కష్టసుఖములను విచారించుటయే ఆయన తొలి రాజకీయశిక్షణ.

1949లో ఆయన మన రాజ్యసభ వంటిదగు సెనేటునకు ఎన్నికయ్యెను. నౌకాదళమంత్రిగాను, పిదప విద్యావిజ్ఞానశాఖల మంత్రిగాను పనిచేసెను. 1967 డిసెంబరు 17న ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్ట్ సముద్రమున ఈదుచు అదృశ్యుడగుటచే, 1968 జనవరి 10న గోర్టన్ ప్రధానమంత్రి యయ్యెను. సెనేటునుండి ఆ పదవికి వచ్చినవాడు ఆయన యొక్కడే. వెంటనే ఉపయెన్నికలో గెలిచి దిగువసభకు మారెను.

కేంద్రప్రభుత్వము బలపడవలెనని ఆయన పట్టుదల. తీరసముద్రగర్భమునందలి ఖనిజములపై కేంద్రమునకే అధికారముండవలెననుటచే రాష్ట్రముల ఆగ్రహమునకు పాత్రుడయ్యెను. స్వదేశీయ చలనచిత్రకళకు ప్రభుత్వసహాయము కల్పించెను. వియత్నాం యుద్ధమునందలి జోక్యము మాత్రము ఆయన ప్రభుత్వమును తీవ్రవిమర్శకు గురిచేసెను.

ఇచ్చట బెట్టినా సంగతి చెప్పకుండరాదు. ఆమె నడివయస్సున ఆసియా భాషలు అభ్యసించి 1965లో పట్టము పొందెను. 1968లో ఇండోనీషియా పర్యటనయందు ఆ దేశభాషలోనే ప్రసంగించి అచ్చటివారి మన్ననల నందెను. ఇంట తెలుగు, వీథిలో ఒడియా, కన్నడము లేక తమిళము పలుకు మన పిల్లలకు ఇది ఎంతయు తగిన దృష్టాంతము. ఇరుగుపొరుగువారి భాష నేర్చుట మన భాషకు చేటు కాదు. మన మాటకు వారి హృదయమున చోటు సంపాదించుట.

1971 మార్చి 10న స్వపక్షసభ్యుల విశ్వాసపరీక్షలో 33–33 ఓట్లు వచ్చెను. సమానసంఖ్య విశ్వాసము కానేరదని తలచి గోర్టన్ పదవి విడిచెను. 1975లో తన పక్షమును వీడి, స్వతంత్రుడుగా సెనేటునకు పోటీచేసి ఓడిపోయెను. 2002 మే 19న కాలధర్మము నొందెను.

గోర్టన్ నిర్ణయములన్నియు మెచ్చదగినవని చెప్పజాలము. కాని మృత్యుముఖమునుండి రెండుమారులు బయటపడినవాడు తన ఊరి సంఘముతో ప్రజాసేవ ప్రారంభించుట, సహచరుల విశ్వాసము చాలదని తోచిన దినమున అధికారమును విడుచుట గమనింపదగినవి. మన సంఘములలో పదవుల కొరకు వివాదములు కలిగినపుడైనను ఈ రెండవ సంగతి జ్ఞప్తికి వచ్చిన మేలు.